గుండెపోటు తరువాత నడకకు కొలత

గుండెపోటు వచ్చి, ఆసుపత్రిలో చికిత్స పొంది, ఇల్లు చేరిన మనుష్యుని మందుల చీటి సాధారణముగా చాల స్పష్టముగా నుండును. ఏ మాత్రను ఉదయము వేసికొనవలెనో, దేనిని రాత్రి భోజనానంతరము వేసికొనవలెనో అందులో వ్రాసియుందురు. ఉప్పు తగ్గింపవలెననియు, పొగాకును ఏ రూపమునను ముట్టరాదనియు వైద్యుడు నోటితో చెప్పియుండును. కాని ఇంటి మెట్లు ఎక్కవచ్చునా? బియ్యపు సంచి ఎత్తవచ్చునా? మనుమరాలిని చంకనెత్తుకొని బాల్కనీలో నిలువవచ్చునా? ఉద్యోగమునకు పోవుట ఎన్నడు? ఈ ప్రశ్నలకు పెక్కు చీటీలలో జవాబు కానరాదు. "కొంచెము నడవండి, శ్రమపడకండి" అను రెండు మాటలు మాత్రము వినవచ్చును. కొంచెము అనగా ఎంత? శ్రమ అనునది ఎక్కడ మొదలగును? ఆ సంగతి తెలియనిచోట భయము వచ్చి కూర్చుండును.

కోల్‌కతా మహానగరమునకు తూర్పున, సాల్ట్ లేక్‌కును రాజార్‌హాట్ పల్లెలకును చేరువగా వెలసిన న్యూ టౌన్ ఇందుకు మంచి ఉదాహరణము. 1999లో ఏర్పడిన హిడ్కో అను ప్రభుత్వ సంస్థ పొలముల నడుమ ఈ పట్టణమును నిర్మించినది. ఎత్తయిన మేడలు, వెడల్పయిన వీధులు, కంప్యూటరు సంస్థల కార్యాలయములు ఇచట కానవచ్చును. ఉద్యోగములకై దూరప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు ఇందు కాపురమున్నవి. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి ఇచట పదునొకండవ అంతస్తులో నివసించు ఏబదిరెండేండ్ల ఉద్యోగి నొకనిని ఊహించుకొనవచ్చును. గుండెపోటు వచ్చి రక్తనాళమున స్టెంటు వేయించుకొని అతడు ఇంటికి చేరినాడు. "ఏమండీ, మీరు లేవకండి, మంచినీళ్లు నేను తెస్తాను" అని భార్య అతనిని కుర్చీనుండి కదలనీయదు. ఊరినుండి బావమరది టెలిఫోనులో, "ఏం ఫరవాలేదు బావా, మా ఆఫీసులో ఒకాయన నెల తిరక్కుండానే కబడ్డీ ఆడాడు" అని ధైర్యము చెప్పును. ఇద్దరి మాటలలోను ప్రేమ యున్నది. ఇద్దరి మాటలలోను కొలత లేదు.

భార్య భయము నూతనమైనది కాదు. ఒకప్పుడు వైద్యశాస్త్రమే ఆ భయమును బోధించినది. గుండె రక్తనాళమున గడ్డకట్టినను మనుష్యుడు బ్రతుకవచ్చునని 1912లో జేమ్స్ హెరిక్ అను అమెరికా వైద్యుడు వివరించిన పిమ్మట, గాయపడిన గుండె మానువరకు రోగిని మంచమునుండి కదల్పరాదను అభిప్రాయము బలపడినది. ఆరు వారములు మంచముపై నుంచుట సామాన్యముగా నుండెను. తినిపించుట, ఒడలు తుడుచుట మొదలగు సకల పనులను నర్సులే చేయుచుండిరి. 1952లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అను ఇరువురు బోస్టన్ వైద్యులు రోగులను మొదటి దినములలోనే చేతుల కుర్చీలో కూర్చుండబెట్టి చూచిరి. వారు చెడిపోలేదు సరికదా, మనస్సున తెప్పరిల్లిరి. 1955 సెప్టెంబరు 24వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చినది. ఆయనను చూడవచ్చిన పాల్ డడ్లీ వైట్ అను హృద్రోగ నిపుణుడు క్రమక్రమముగా పనిలోనికి మరలుటను సమర్థించెను. అధ్యక్షుడు నవంబరు 11న ఆసుపత్రి విడిచెను. మరుసటి సంవత్సరము నవంబరులో మరల ఎన్నికయ్యెను. గుండెపోటు వచ్చినవాని జీవితము అంతటితో ముగిసినదను లోకవిశ్వాసమునకు ఆ సంఘటనము పెద్ద దెబ్బ.

మంచము చేయు చెరుపు ఎంతటిదో 1966లో డల్లాస్ నగరమున జరిగిన ఒక పరిశోధనము చూపినది. ఇరువదేండ్ల ప్రాయమున నున్న అయిదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారములు మంచముపై నుంచిరి. అటుపై పరీక్షింపగా, గరిష్ఠ శ్రమలో వారి దేహము వినియోగించుకొను ప్రాణవాయువు నాలుగవ వంతునకు మించి తగ్గియుండెను. ముప్పది సంవత్సరముల తరువాత ఆ అయిదుగురినే మరల పరీక్షించిరి. ముప్పదేండ్ల వార్ధక్యము చేసిన నష్టముకంటె మూడు వారముల మంచము చేసిన నష్టమే ఎక్కువగా నుండెను. ఏ వ్యాధియులేని యువకులకే ఇట్లయినచో, గుండె దెబ్బతిన్నవానిని నెలల తరబడి కుర్చీకి కట్టివేసిన ఫలము ఊహింపవచ్చును. అతనికి మెట్లెక్కగా వచ్చు ఆయాసమున కొంత గుండెవలన కలిగినది, కొంత కుర్చీవలన కలిగినది. ఆ రెంటిని వేరుచేసి చూడవలెనన్నచో కొలుచుటయే మార్గము.

బావమరది ధైర్యమును కూడ పరీక్షింపవలసియున్నది. 2021 జనవరి 2వ తేదీన, ఇదే కోల్‌కతా నగరమున, భారత క్రికెట్ జట్టుకు పూర్వము నాయకుడైన సౌరవ్ గంగూలీకి ఇంటివద్ద వ్యాయామము చేయుచుండగా ఛాతీలో బాధ కలిగినది. ఆయనకు అప్పటికి నలుబదియెనిమిదేండ్లు. ఉడ్‌ల్యాండ్స్ ఆసుపత్రిలో చేర్చి, మూసుకొనిన రక్తనాళమును తెరచి స్టెంటు వేసిరి. మిగిలిన అడ్డంకులకై ఆ నెల చివర మరల ఆసుపత్రిలో చేరగా ఇంకొక రెండు స్టెంట్లు వేసిరి. ఆ వార్త వినిన అనేకులు, ఆటగానికే ఇట్లయినది గావున వ్యాయామమే ముప్పు అని తలంచిరి. రక్తనాళము లోలోపల సన్నబడుట సంవత్సరముల తరబడి సాగు వ్యవహారము. శ్రమచేయు సమయమున గుండెకు రక్తము ఎక్కువ కావలసివచ్చును గావున ఆ కొరత అప్పుడే బయటపడవచ్చును. ఈ ఉదంతమునుండి గ్రహింపదగిన విషయము మరియొకటి కలదు. ఒక నాళము తెరచినంతమాత్రమున పని ముగియదు. తక్కిన నాళముల స్థితి యేమి, గుండె కండరము ఎంతవరకు ముడుచుకొనుచున్నది, లయ సరిగా నున్నదా అను విషయములు తెలిసికొనిన పిమ్మటనే ఎంత శ్రమ చేయవచ్చునో నిర్ణయింపవలెను.

గుండెపోటు అనగా కండరములో ఒక భాగము రక్తము అందక చచ్చుట. చచ్చిన చోట క్రమముగా గట్టి మచ్చ ఏర్పడును. ఆ మచ్చ బలపడుటకు సుమారు ఆరు వారములు పట్టును. మొదటి వారములలో బరువులెత్తరాదనుటకు, పరుగెత్తరాదనుటకు ఇదియొక కారణము. అయినను ఆ వారములలో సైతము సమతలముపై మెల్లగా నడచుట, తన స్నానము తాను చేసికొనుట చాలమంది చేయవచ్చును. ఛాతీ తెరచి బైపాసు శస్త్రచికిత్స చేయించుకొనినవారి విషయము వేరు. వారి రొమ్ముయెముక అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును గావున, గుండె ఎంత బాగున్నను అంతవరకు బరువులు మోయరాదు.

శ్రమను కొలుచుటకు వైద్యులు మెట్ అను ప్రమాణమును వాడుదురు. మనుష్యుడు ఊరక కూర్చుండినప్పుడు దేహము ఖర్చుచేయు ప్రాణవాయువే ఒక మెట్. కిలోగ్రాము బరువునకు నిమిషమునకు 3.5 మిల్లీలీటర్లని దాని లెక్క. గంటకు మూడు కిలోమీటర్ల చొప్పున మెల్లగా నడచిన ఖర్చు రెండు మెట్లకు పైచిలుకు. గంటకు అయిదు కిలోమీటర్ల నడకకు మూడున్నరకు దగ్గరగా నగును. రెండు అంతస్తుల మెట్లను సాధారణ వేగముతో ఎక్కుటకు నాలుగైదు కావలెను. దాంపత్యమునకు వలయు శ్రమయు ఇంచుమించు అంతియే. ఈ ప్రశ్న అడుగుటకు రోగులు సిగ్గుపడుదురు, చెప్పుటకు వైద్యులు మరచుదురు. రెండు అంతస్తులు నొప్పిలేక, మితిమీరిన ఆయాసములేక ఎక్కగలవాడు దాని విషయమై భయపడనక్కరలేదని పెక్కుమంది నిపుణుల అభిప్రాయము.

ఇల్లు ఊడ్చుట, తడిగుడ్డతో నేల తుడుచుట మూడు నాలుగు మెట్ల పనులు. ఈ సంఖ్యను మగవారు ప్రత్యేకముగా గమనింపవలెను. మగవానికి గుండెపోటు వచ్చినచో అతడు నెలదినములు కుర్చీ దిగడు. ఇల్లాలికి వచ్చినచో నాలుగవనాడే ఆమె పొయ్యివద్ద కనబడును. ఇంటిపని శ్రమక్రింద లెక్కింపకుండుటయే దీనికి కారణము. గుండెజబ్బు పిమ్మట వ్యాయామ శిక్షణకు పంపబడు స్త్రీలు పురుషులకంటె తక్కువమంది యని పెక్కు దేశములలో తేలియున్నది. ఆమె చేయు పనికిని మెట్ల లెక్క వేయవలెను, ఆమె శక్తినికూడ కొలువవలెను.

కొలుచు విధములలో బాగుగా ప్రసిద్ధమైనది ట్రెడ్‌మిల్ పరీక్ష. కదలెడి పట్టీపై రోగి నడచుచుండగా ఇ.సి.జి., రక్తపుపోటు గమనింతురు. రాబర్ట్ బ్రూస్ అను సియాటిల్ వైద్యుని పేరిట ప్రసిద్ధిచెందిన పద్ధతిలో ప్రతి మూడు నిమిషములకు పట్టీ వేగమును, వాలును హెచ్చింతురు. మొదటి దశలో వేగము గంటకు 2.7 కిలోమీటర్లు, వాలు నూటికి పది. అది సుమారు అయిదు మెట్ల శ్రమ. రెండవ దశలో అది ఏడు మెట్లు, మూడవ దశలో పది మెట్లు అగును. గుండెపోటు వచ్చిన మొదటి రెండు దినములలో ఈ పరీక్ష చేయరాదు. ఆసుపత్రి విడుచుటకు ముందు చేయుదురేని, నాలుగు దినములు దాటిన పిమ్మట, తక్కువ శ్రమతోనే ఆపివేయుదురు. లక్షణములు కనబడువరకు సాగించు పూర్తి పరీక్షను రెండు మూడు వారములు గడచిన తరువాతనో, మూడునుండి ఆరు వారముల నడుమనో చేయుట వాడుక. రక్తనాళములను వెంటనే తెరచు చికిత్స వ్యాపించిన ఈ దినములలో ప్రతి రోగికిని ఈ పరీక్ష అవసరమని వైద్యులు భావించుట లేదు. శిక్షణ ప్రారంభించుటకు ముందు, భారమైన ఉద్యోగమునకు మరలుటకు ముందు దీని ప్రయోజనము ఎక్కువ.

ఈ పరీక్షలో ఇ.సి.జి. గీతలవైపే అందరి చూపు పోవును. రోగి ఎన్ని మెట్లవరకు పోగలిగెనను విషయము కాగితము అడుగున చిన్న అక్షరములలో నుండును. విలువలో మాత్రము అది చిన్నది కాదు. 2002లో జొనాథన్ మైయర్స్, ఆయన సహచరులు ఆరువేలమందికి పైగా పురుషుల ఫలితములను ప్రకటించిరి. శ్రమశక్తి ఒక్క మెట్ హెచ్చుగా నున్నవారు బ్రతికియుండు అవకాశము నూటికి పండ్రెండు వంతున మెరుగుగా నుండెను. గుండెజబ్బు గలవారిలోను, లేనివారిలోను ఆయుష్షును సూచించుటలో రక్తపుపోటు, పొగత్రాగుట మొదలగు వానికంటె ఈ సంఖ్యయే బలమైనదిగా తేలినది. తన కాగితము అడుగున నున్న ఆ సంఖ్యను అడిగి తెలిసికొనుటకు ప్రతి రోగికిని హక్కు కలదు.

ట్రెడ్‌మిల్ లేనిచోట, లేదా దానిపై నడచుటకు బెదరువారికి, మరియొక పరీక్ష యున్నది. దానికి కావలసినవి ఒక పొడవైన వసారా, ఒక గడియారము, రెండు గుర్తులు, ఒక కుర్చీ. దాని పుట్టుక విచిత్రమైనది. 1968లో కెన్నెత్ కూపర్ అను అమెరికా వాయుసేన వైద్యుడు పండ్రెండు నిమిషములలో ఎంత దూరము పరుగెత్తగలరో చూచి సైనికుల శక్తిని అంచనా కట్టెను. 1976లో బ్రిటన్ వైద్యులు శ్వాసకోశ రోగులకొరకు ఆ పరుగును నడకగా మార్చిరి. 1982లో పండ్రెండు నిమిషములను ఆరు చేసిరి. 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ దీనికి నియమములు వ్రాసినది. సైనికుని పరుగు ఇట్లు రోగి నడకయైనది.

పరీక్షకు ముందు రోగి పది నిమిషములు కుర్చీలో విశ్రమింపవలెను. నాడి, రక్తపుపోటు, ఆయాసము వ్రాసికొందురు. విశ్రాంతిలోనే నాడి 120కి మించినను, రక్తపుపోటు 180కి గాని 100కి గాని మించినను నాటికి ఆపుట మేలు. ముప్పది మీటర్ల దూరమున రెండు గుర్తులుంచి, వాని చుట్టును తిరిగి తిరిగి నడువమందురు. పరుగెత్తరాదు. అలసినచో నెమ్మదింపవచ్చును, నిలువవచ్చును, గోడకు ఆనుకొనవచ్చును. గడియారము మాత్రము ఆగదు. పరీక్షించువాడు రోగి ప్రక్కన నడువరాదు, ఏలయన తెలియకయే అతని వేగమును మార్చును. ప్రతి నిమిషమునకు ఒకే స్వరముతో ధైర్యము చెప్పి, ఇంకెన్ని నిమిషములున్నవో తెలుపవలెను. ఒకనికి చప్పట్లు కొట్టి మరియొకనిని మౌనముగా చూచినచో కొలత చెడును. ఛాతీనొప్పి, భరింపరాని ఆయాసము, కాళ్లు తిమ్మిరెక్కుట, తూలుట, చెమట పట్టుట, ముఖము పాలిపోవుట వీనిలో ఏది కనబడినను వెంటనే కూర్చుండబెట్టవలెను. నెలలోపల గుండెపోటు వచ్చినవారికి ఈ పరీక్ష చేయరాదని 2002 నాటి నియమము. శిక్షణ కేంద్రములలో వైద్యుని సమక్షమున కొందరికి అంతకుముందే చేయుట కలదు. ఇంటి డాబాపై ఎవరికి వారు చేసికొనదగినది మాత్రము కాదు.

పదునొకండవ అంతస్తు ఉద్యోగి రెండవ నెలలో ఈ పరీక్షకు పోయెననుకొనవచ్చును. అరువది మీటర్ల చుట్లు ఏడు తిరిగి, మరి పండ్రెండు మీటర్లు నడచినచో మొత్తము 432 మీటర్లు. ఆరోగ్యవంతులైన పెద్దలు సామాన్యముగా నాలుగువందల నుండి ఏడువందల మీటర్ల నడుమ నడచుదురు. వయస్సు, పొడవు, స్త్రీపురుష భేదములనుబట్టి అది మారును గావున, పొరుగువాని సంఖ్యతో పోల్చుకొనుట అర్థములేని పని. తన సంఖ్యతో తానే పోల్చుకొనవలెను. మూడు నెలల శిక్షణ పిమ్మట అదే వసారాలో 486 మీటర్లు నడచినచో ఏబదినాలుగు మీటర్లు పెరిగినవి. సుమారు ముప్పది మీటర్లు పెరిగినను రోగికి తెలియునంతటి మేలుగా పరిగణింతురు. మొదటి నడకయందు అలవాటులేమివలన సంఖ్య తక్కువ వచ్చుటయు కలదు. అందుచే కొన్నిచోట్ల రెండుమారులు నడిపించి ఎక్కువదానిని తీసికొందురు.

ఇంతవరకు చెప్పినది ఎంత దూరము పోగలడను సంగతి. నిలిచిన పిమ్మట ఎంత త్వరలో తేరుకొనునను సంగతి దానితో సమానముగా ముఖ్యమైనది. దీనిని చాలమంది గమనింపరు. నడచునప్పుడు గుండెను అదలించు నరములు పనిచేయును. నిలిచిన వెంటనే వేగస్ అను నరము గుండెను శాంతపరచును. ఆ శాంతపరచు శక్తి బాగున్నచో నాడి మొదటి నిమిషములోనే గణనీయముగా దిగును. 1999లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ట్రెడ్‌మిల్ పరీక్షకు వచ్చిన 2,428 మందిని ఆరేండ్లు అనుసరించి చూచిరి. శ్రమ ముగిసిన మొదటి నిమిషమున నాడి పండ్రెండు గాని అంతకు తక్కువ గాని దిగినవారిలో, తక్కిన కారణములు లెక్కలోనికి తీసికొనిన పిమ్మటను, మరణములు సుమారు రెట్టింపు. ఈ పండ్రెండు అను సంఖ్య ట్రెడ్‌మిల్‌పై మెల్లగా నడచుచు తేరుకొనువారిది. ఇంటివద్ద ఒకనాడు పదకొండు వచ్చినదని కలవరపడరాదు. వారములు గడచినకొలది అదే నడకకు నాడి తక్కువగా పెరిగి, త్వరగా దిగుచున్నచో కోలుకొనుచున్నాడని అర్థము.

నాడి చూచుట సులభము. బొటనవ్రేలి మొదట, మణికట్టుపై చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఆనించి, పదునైదు సెకండ్లు లెక్కించి నాలుగుతో హెచ్చింపవలెను. నాడి తప్పటడుగులు వేయుచున్నచో నిండు నిమిషము లెక్కింపవలెను, వైద్యునికి తెలుపవలెను. ఇచట ఒక పొరబాటు తరచుగా జరుగును. 220 నుండి వయస్సును తీసివేసి, దానిలో నూటికి ఇంతవరకు నాడి రావలెనని వ్యాయామశాలల గోడలపై పట్టికలు వ్రేలాడుచుండును. గుండెపోటు వచ్చినవారిలో అనేకులు బీటా బ్లాకర్ అను జాతి మందులు వాడుదురు. ఆ మందుల పనియే నాడి పెరుగకుండ పట్టియుంచుట. అట్టివాడు గోడమీది సంఖ్యకై ప్రయత్నించినచో ఎంత పరుగెత్తినను అది రాదు, శ్రమ మాత్రము హద్దుమీరును. మందు వేసికొనుచు చేసిన పరీక్షయందు వచ్చిన నాడినుండియే అతని హద్దు నిర్ణయింపవలెను.

హద్దును తెలిపెడి మరియొక సాధనము రోగి మాటయే. గున్నార్ బోర్గ్ అను స్వీడన్ శాస్త్రజ్ఞుడు శ్రమ ఎంతగా తోచుచున్నదో 6 నుండి 20 వరకు సంఖ్యలలో చెప్పించు కొలబద్దను ఏర్పరచెను. ఆరనగా ఏ శ్రమయు లేదు, ఇరువది అనగా ఇక సాధ్యము కాదు. గుండె శిక్షణలో సాధారణముగా పదునొకండు నుండి పదునాలుగు వరకు ఉంచుదురు. ఆ సంఖ్యలు జ్ఞాపకముండనివారు నడచుచు మాటలాడి చూడవచ్చును. వాక్యము పూర్తిగా పలుకగలిగి, పాట పాడలేకున్నచో అది తగిన వేగము. వాక్యము నడుమ ఊపిరికై ఆగవలసివచ్చినచో అధికము.

1802లో వెలువడిన తన వైద్యగ్రంథమున విలియం హెబర్డెన్ అను లండన్ వైద్యుడు ఒక సంగతి వ్రాసెను. ఛాతీనొప్పి గల ఒకడు దినమునకు అరగంట కట్టెలు కోయుట నియమముగా పెట్టుకొని ఇంచుమించు స్వస్థుడాయెనట. ఎందువలననో అప్పుడు తెలియదు. నేడు తెలిసినది, లెక్కలును ఉన్నవి. 2021లో ప్రకటింపబడిన కాక్రేన్ సమీక్షలో 85 పరిశోధనములు, 23,430 మంది రోగులు చేరిరి. వ్యాయామముతో కూడిన శిక్షణ పొందినవారిలో హృద్రోగ మరణములు, మరల గుండెపోటు, ఆసుపత్రిలో చేరుట తగ్గినవి. ఇట్టి కేంద్రములు మనదేశమున అవసరమునకు తగినన్ని లేవు. అందుచే భారత ప్రజారోగ్య సంస్థ నిపుణులు 24 ఆసుపత్రులలో 3,959 మంది గుండెపోటు రోగులపై యోగముతో కూడిన పండ్రెండు వారముల శిక్షణను పరీక్షించి 2020లో ఫలితములు ప్రకటించిరి. మరణములు మొదలగు పెద్ద ప్రమాదములలో నిశ్చయమైన భేదము కనబడలేదు. కాని యోగశిక్షణ పొందినవారు పూర్వపు పనులకు మెరుగుగా మరలిరి, తమ జీవనము బాగున్నదని చెప్పిరి. యోగము సర్వరోగ నివారిణి యనువారికి ఇది నిరుత్సాహము. మంచము దిగుటకు భయపడువారికి ఇది మేలైన వార్త.

నడచుటకు న్యూ టౌన్ అనుకూలమైన చోటు. గంగా ముఖద్వారపు భూమి గావున నేల చదునుగా నుండును. కొండవీధులలో వలె ప్రతి మలుపునను శ్రమ మారదు. 2012 డిసెంబరులో ప్రారంభమైన ఎకో పార్కు 480 ఎకరముల విస్తీర్ణము గలది. అందులో 104 ఎకరములు జలాశయము. దాని పరిసరముల నడక బాటలు కొలిచి నడచుటకు తగినవి. మొదటి వారములలో ఇంటి వసారాలో అయిదు నిమిషములు దినమునకు మూడు నాలుగు మారులు, అది సుఖముగా సాగినచో పది నిమిషములు, ఇట్లు వైద్యుని అనుమతితో పెంచుచు అరగంటకు చేర్చవలెను. ప్రారంభమున అయిదు నిమిషములు మెల్లగా నడచుట, చివర అయిదు నిమిషములు మెల్లగా నడచుట విడువరాదు. పోవునప్పుడు సరదాగా దూరము పోయి, మరలివచ్చు శక్తి లేక బాటప్రక్కన కూర్చుండువారు కలరు. మొదట ఇంటి చుట్టును చిన్న చుట్లు తిరుగుట క్షేమము. పదునొకండవ అంతస్తునకు లిఫ్టులోనే పోవచ్చును. దిగునప్పుడు ఒక అంతస్తు, పిమ్మట ఎక్కునప్పుడు ఒక అంతస్తు చొప్పున మెట్లను అలవాటు చేసికొనవలెను. అమ్మోరు పండుగనాడు ఊరికి పోయినప్పుడు కూడ ఈ నియమము మారదు.

కోల్‌కతా వాతావరణము కొలతలో పాలుపంచుకొనును. వైశాఖ జ్యేష్ఠములలో ఉక్క వలన చెమట ఆరదు. చర్మమునకు రక్తము ఎక్కువగా పంపవలసివచ్చి అదే నడకకు నాడి హెచ్చును. నీటిమాత్రలు వాడువారికి తల తిరుగుటయు కలదు. అట్టి దినములలో దూరము తగ్గింపవలెను. శీతకాలపు తెల్లవారుజామున పొగ, మంచు కలిసి నేలకు అంటియుండును. సూర్యుడు పైకివచ్చిన పిమ్మట, ఒళ్లు వెచ్చగా కప్పుకొని నడచుట మంచిది. భోజనమైన వెంటనే నడువరాదు, గంటన్నర ఆగవలెను.

ఒక చిన్న నోటు పుస్తకమున ప్రతిదినము తేది, నడచిన నిమిషములు, నడకకు ముందు నాడి, ఆగిన వెంటనే నాడి, ఒక నిమిషము పిమ్మట నాడి, శ్రమ ఎంత తోచినదో వ్రాసికొనవలెను. ఎట్లున్నదని వైద్యుడు అడిగినప్పుడు "బాగానే ఉందండి" అని చెప్పుటకంటె ఆ పుస్తకమును ముందుంచుట మేలు. ఛాతీలో, దవడలో, ఎడమచేతిలో బిగువు, నిన్నటి నడకకే నేడు ఎక్కువ ఆయాసము, రెండు మూడు దినములలో రెండు కిలోల బరువు పెరుగుట, పాదముల వాపు, సొమ్మసిల్లుట వీనిని దాచరాదు. నడచుచుండగా ఛాతీ పట్టివేసినచో వెంటనే కూర్చుండవలెను. వైద్యుడు నాలుక క్రింద ఉంచుకొను మాత్ర ఇచ్చియున్నచో ఉంచుకొనవలెను. అయిదు నిమిషములలో తగ్గనిచో 112 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. స్వయముగా కారు నడపుకొని ఆసుపత్రికి పోరాదు.

ఉద్యోగమునకు మరలుట ఉద్యోగమునుబట్టి యుండును. కూర్చుండి చేయు పని రెండు మెట్లకు మించదు. చిక్కులులేని గుండెపోటు పిమ్మట అనేకులు కొద్ది వారములలో దానికి మరలుదురు. మూటలు మోయువానికి, నిచ్చెనలెక్కువానికి మాత్రము ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, పనికి వలయు మెట్లకంటె శక్తి చాలినంత హెచ్చుగా నున్నదని తేల్చుకొనిన పిమ్మటనే అనుమతి ఈయవలెను. యజమానులు ఈ భేదమును గమనించినచో ఒకనిని అనవసరముగా ఇంట కూర్చుండబెట్టుటయు, మరియొకనిని ప్రమాదములోనికి త్రోయుటయు తప్పును.

దుర్గాపూజ దినములలో ఈ నగరమున ఎవరును ఇంట కూర్చుండరు. మండపమునుండి మండపమునకు నడచుచు, వరుసలలో గంటల తరబడి నిలుచుచు అర్ధరాత్రివరకు తిరుగుదురు. కోలుకొనిన రోగియు కుటుంబముతో పోవచ్చును. కాని గుంపులో నిలిచియుండుట నడకకంటె కష్టము. కాళ్లలో రక్తము నిలిచి తల తిరుగవచ్చును, వేగము తన చేతిలో నుండదు. గుంపు పెరుగకముందే, మధ్యాహ్నపు ఎండ తగ్గిన వెంటనే, రెండు మూడు మండపములు చూచి వచ్చుట మంచిది. తోడు ఒకరుండవలెను. నాలుక క్రింద ఉంచుకొను మాత్ర చొక్కా జేబులో నుండవలెను గాని ఇంటి బీరువాలో కాదు.